కీళ్లవాతం ముసలివాళ్ల జబ్బు అని ఎవరు చెప్పారు?

సంపాదకుడు గారికి,

అక్టోబరు 12న ఆర్థరైటిస్ దినోత్సవం పేరుతో మా పట్టణంలో జరిగిన నడక గురించి మీ జిల్లా పేజీలో రాశారు. ఊరుకుందామనే అనుకున్నాను. కానీ ఆ శీర్షిక మింగుడుపడలేదు. వయసు మీద పడితే ఎవరికైనా తప్పని బాధ అని వేదిక మీద ఒక పెద్దాయన అన్నారట, మీ విలేకరి దాన్నే పెద్దక్షరాల్లో అచ్చేశారు. నడక మొదలయ్యేసరికి ఎండ నెత్తికెక్కింది. కీళ్ల నొప్పులవాళ్లను పిలిచి, జెండా ఊపే నాయకుడి కోసం రోడ్డు మీద నిలబెట్టారు. కూర్చోడానికి కుర్చీ లేదు. ఫొటోలు మాత్రం బాగా వచ్చాయి.

వయసుతో, బరువుతో మోకాళ్లు అరగడం వేరు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతం వేరు. మనల్ని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే మన కీళ్ల మీద పడటం వల్ల అది వస్తుంది. మగవాళ్లకంటే ఆడవాళ్లకు రెండు మూడింతలు ఎక్కువ. ముప్పై, నలభై ఏళ్లకే మొదలుకావచ్చు. వేదిక మీద ఇంతమంది డాక్టర్లుండి ఈ ముక్క ఒక్కరూ చెప్పలేదా, లేక చెప్పినా మీరు వేయలేదా?

మా వాడకట్టులో సగం ఇళ్లు బీడీల మీద బతుకుతాయి. పొద్దున లేవగానే పిడికిలి బిగియదు, గంట గడిస్తే గానీ వేళ్లు మాట వినవు అని చెప్పే ఆడవాళ్లు నాకు తెలుసు. తునికాకు కత్తిరించీ కత్తిరించీ అట్లయిందనుకుంటారు. ఇంట్లోవాళ్లు పని తప్పించుకుంటోందంటారు. ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే ఒక సూది, పొట్లంలో నాలుగు గోలీలు. సాయంత్రానికి ప్రాణం లేచొస్తుంది. ఆ గోలీల్లో వాపును, నొప్పిని చప్పున అణిచే స్టెరాయిడ్ మందు ఉందో లేదో అడిగేదెవరు? డాక్టరు లెక్క లేకుండా నెలల తరబడి మింగితే ముఖం ఉబ్బుతుంది, షుగర్ వస్తుంది, ఎముకలు గుల్లబారతాయి. హఠాత్తుగా మానినా ప్రమాదమే. నొప్పి తెలియకపోయినా లోపల కీలు పాడవుతూనే ఉంటుంది. 2006లో చికున్‌గున్యా వచ్చి పోయాక నొప్పులు నెలల తరబడి వదల్లేదు. మా దిక్కు ఈ సూదుల బేరం అప్పుడే పాతుకుపోయిందని నా అనుమానం.

మా చిన్న కోడలి విషయంలోనూ ఇదే జరిగింది. ఎక్స్‌రే తీశారు, నొప్పి గోలీలు రాశారు, కాల్షియం రాశారు. ఈ కీళ్లవాతాన్ని గుర్తించడానికి చేసే ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ రక్తపరీక్షలు చేయించమని చాలాకాలం ఎవరూ అనలేదు. అప్పటికే రెండు వేళ్లు వంకరపోయాయి. ఈ జబ్బులకు ప్రత్యేక విభాగం హైదరాబాద్‌లో నిమ్స్‌లో ఉంది. కూలి మానుకుని, బస్సెక్కి, అక్కడిదాకా ఎందరు పోగలరు? ఈ జబ్బుకు ఇచ్చే మెథోట్రెక్సేట్ అనే మందు వారానికి ఒక్కసారి వేసుకునేది. కేంద్రం అత్యవసర మందుల జాబితాలో ఉన్నదే. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. ఆ సంగతి చీటీ మీద ఇంగ్లిష్‌లో గిలికి పంపిస్తారు. తెలుగులో రాస్తే వీళ్ల సొమ్మేం పోతుంది?

దినోత్సవాలకు మాత్రం కరువు లేదు. షుగర్‌కు ఒకటి, గుండెకు ఒకటి. అదే ఫ్లెక్సీ, అవే టోపీలు, అదే అరటిపండు. మర్నాడు ఆస్పత్రికి పోతే ఎముకల డాక్టరు పై అంతస్తులో, లిఫ్టు మరమ్మతులో. మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కే వాళ్లను చూసి కూడా సూపరింటెండెంటుకు టెన్షన్ లేదు. ఆ ఫ్లెక్సీల ఖర్చు పెట్టి లిఫ్టు బాగుచేయించి ఉంటే అవగాహన దానంతటదే వచ్చేది.

ఇక మీ సంగతి. ఆ వార్త వేసిన రోజే నాలుగో పేజీలో కీళ్లవాతాన్ని వేళ్లతో సహా పీకేస్తామనే తైలం ప్రకటన వేశారు. మహిమగల మందుల ప్రకటనల మీద 1954లోనే చట్టం వచ్చింది. ఏయే జబ్బులకు అలాంటి ప్రకటనలు వేయకూడదో చెప్పే జాబితాలో కీళ్లవాతమూ ఉంది. మీ ప్రకటనల విభాగం ఆ జాబితా ఎప్పుడైనా చూసిందా? నిన్న ఆదివారం కూడా అదే తైలం, ఈసారి రంగుల్లో.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, నిజామాబాద్ జిల్లా