కరెంటు అక్కర్లేని పుండు పంపు మన ఆసుపత్రులకూ రావాలి

సంపాదకులకు,

ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల్లో మానని షుగరు పుండుకు వ్యాక్యూమ్ డ్రెస్సింగ్ (పుండులో ఫోము పెట్టి, పైన పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్ అతికించి, ట్యూబు ద్వారా పంపుతో లోపలి చీము నీటిని లాగే కట్టు) కావాలంటే బరంపురమో విశాఖపట్నమో దారి పట్టాల్సిందే. అరచేతిలో సగం కూడా లేని పుండుకు అంత ప్రయాణం దండగ. స్ప్రింగుతో పనిచేసే చిన్న పంపులున్నాయి. 75 నుంచి 125 మిల్లీమీటర్ల పాదరసం ఒత్తిడితో చీము నీటిని లాగుతాయి, కరెంటూ బ్యాటరీ అడగవు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు రోజుల తరబడి చీకట్లో ఉన్న ఊళ్లకు ఇది చిన్న సంగతి కాదు. వీటిని సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో ఉంచాలి.

అయితే కొని బీరువాలో పెడితే లాభం లేదు. కరెంటు యంత్రంలో ఎక్కడైనా గాలి చొరబడితే మోటారు తిరిగి ఆ లోటు పూడుస్తుంది. స్ప్రింగు పూర్తిగా ముడుచుకున్నాక అంతే, లాగడం ఆగిపోతుంది. కాబట్టి అతుకే ప్రాణం. మనవాళ్లు పుండు చుట్టూ పసుపు, కొబ్బరినూనె రాసుకుని వస్తారు. ఆ జిడ్డు పోయేదాకా కడిగి, తడి లేకుండా ఆరనిచ్చి, వెంట్రుకలు కత్తిరించాకే ఫిల్మ్ అతికించాలి. పుండు అంచు దాటి మూడు నుంచి ఐదు సెంటీమీటర్లు పరవాలి. ఫోమును పుండుకు దూరంగా కత్తిరించాలి, లేకపోతే పొడి అందులో రాలుతుంది. ఎన్ని ముక్కలు పెట్టారో ఫిల్మ్ మీదే రాయాలి. లోపల మిగిలిపోయిన ముక్క మళ్లీ చీము పట్టిస్తుంది. పంపు పెట్టగానే ఫోము గట్టిపడి కాకరకాయ తోలులా ముడతలు పడాలి. మెత్తగా పొంగితే గాలి చొరబడుతున్నట్టే. గాలి ఎక్కువగా చొరబడేది వేళ్ల సందుల్లోనే.

రెండు మూడు రోజులకోసారి డ్రెస్సింగు మార్చాలి. లాగడం ఆగి రెండు గంటలు దాటితే విప్పేయాలి. మూసిన తడిలో క్రిములు పెరుగుతాయి. చీము నీరు చేరే డబ్బా పట్టేది కొద్దిగానే, ధారగా కారే పుండుకు ఇది పనికిరాదు.

నల్లబడ్డ చచ్చిన కండ తీయకుండా, ఎముకకు పట్టిన చీముకు వైద్యం చేయకుండా, రక్తనాళం బయటపడ్డ చోట, క్యాన్సర్ పుండు మీద పెట్టనే కూడదు. పాదంలో నాడి అందకపోతే ముందు సర్జన్ చూడాలి. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లతో మరీ జాగ్రత్త. ఈ చికిత్సలో రక్తస్రావంతో మరణాలు జరిగాయని 2009లోనే అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది.

పంపుతోపాటు ఫోము, ఫిల్మ్ కూడా ఒకే ఇండెంటులో (సరుకు కోరుతూ పంపే పత్రంలో) రావాలి. అవి అయిపోతే పంపు ఉత్త డబ్బా. ట్యూబులో ఎర్రగా రక్తం కనిపిస్తే పంపు ఆపి, పుండును నొక్కిపట్టి వెంటనే ఆసుపత్రికి రావాలని ఇంటివాళ్లకు తెలిసేలా ఒడియా, తెలుగు, సవర భాషల్లో బొమ్మలతో చీటీ ఇవ్వాలి. ఇంగ్లీషు చీటీ ఎవరు చదువుతారు?

– డ్రెస్సింగు గది నర్సులు, పర్లాకిమిడి