బెంగళూరు పీణ్యాలో లేత్ షెడ్డు నడిపే చిన్నాన్నకు, ఫిన్లండ్ నుంచి

ఎస్పో, ఫిన్లండ్
ఆదివారం సాయంత్రం

చిన్నాన్నకు, చిన్నమ్మకు నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం. మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలున్నాయి. బొగ్గూ చమురూ లేని ఈ మంచు దేశం చదువు మీద, పరిశోధన మీద డబ్బు పెట్టి నిజంగానే నిలదొక్కుకుందా, లేక అది గొప్పకు చెప్పుకునే మాటా అని మొదటిది. పద్దెనిమిది మందితో నడిచే మీ షెడ్డుకు అందులో పనికొచ్చేది ఏమైనా ఉందా అని రెండోది. తెలుగు సంఘంలో వచ్చే నెల మీరు మాట్లాడబోయేది మొదటి దాని మీదే కాబట్టి ఏళ్ళూ లెక్కలూ వేసి రాస్తున్నాను. రెండోది చివర్లో తీరిగ్గా.

ఫిన్లండ్ జనాభా సుమారు 56 లక్షలు. బెంగళూరులో సగం కూడా లేరు. 1911 జనగణన నాటి మైసూరు సంస్థానంలో 58 లక్షల మంది ఉండేవారు. ఈ పోలిక గుర్తుంచుకోండి, మళ్ళీ అక్కడికి వస్తాను. ఇంత చిన్న దేశానికి సొంత మార్కెట్టు చాలదు. తయారుచేసింది బయట అమ్మాలి. బయట అమ్మాలంటే పక్కవాడికి చేతకానిది మనకు చేతనవ్వాలి. చాలాకాలం కలప, కాగితం ఆ పని చేశాయి. రెండో ప్రపంచ యుద్ధం తరువాత సోవియట్ యూనియన్‌కు కట్టాల్సిన నష్టపరిహారంలో ఎక్కువ భాగం ఓడలు, యంత్రాల రూపంలో 1952 దాకా కట్టారు. ఆ ఆర్డర్లు పూర్తిచేస్తూ చేస్తూ ఇనుము పనిలో ఆరితేరారు.

అయితే అసలు పెట్టుబడి బడి దగ్గర మొదలైంది. 1948 నుంచి బడి పిల్లలందరికీ మధ్యాహ్న భోజనం ఉచితం. అప్పట్లో పదీ పదకొండేళ్ళకే పిల్లల్ని పై చదువుల దారి, పనుల దారి అని విడగొట్టేవారు. దాన్ని తీసేసి అందరికీ తొమ్మిదేళ్ళ ఒకే బడి పెట్టారు. ఆ మార్పు 1972లో ఉత్తరాన లాప్లాండ్‌లో మొదలై, ఏటా కొన్ని జిల్లాలు దిగుతూ, 1977కు హెల్సింకి ప్రాంతం చేరింది. రాజధానిది చివరి వంతు. నా మటుకు ఈ దేశం చేసిన పనుల్లో అన్నిటికన్నా తెలివైనది ఇదే. మంచి బడులు అప్పటికే ఉన్న ఊళ్ళో మొదలుపెట్టి ఉంటే మారుమూలకు వచ్చేసరికి డబ్బూ ఓపికా రెండూ అయిపోయేవి. 1979 నుంచి ఒకటో తరగతి చెప్పే టీచరుకు కూడా మాస్టర్స్ డిగ్రీ ఉండాలన్నారు. ఆ బడుల్లో 1970లలో చేరిన పిల్లలే 1990లలో ఇంజనీర్లై వచ్చారు. అంటే పెట్టిన డబ్బుకు ఇరవై ఏళ్ళ దాకా చెప్పుకోదగ్గ రాబడి లేదు. మీ సభలో ఎవరైనా లేచి "ఐదేళ్ళలో ఏం వస్తుంది?" అని అడిగితే ఈ లెక్క చెప్పండి.

ఇక పరిశోధన డబ్బు చేతులు మారే పద్ధతి. 1983లో టెకెస్ అనే ప్రభుత్వ సంస్థ పెట్టారు. కంపెనీ తన సమస్య పట్టుకొస్తుంది, దానికి జోడీగా ఒక యూనివర్సిటీనో, వీటీటీనో వస్తుంది. వీటీటీ 1942 నుంచి ఉన్న ప్రభుత్వ సాంకేతిక పరిశోధన కేంద్రం. మన తుమకూరు రోడ్డు మీద యంత్రాల తయారీ పరిశోధన చేసే సీఎంటీఐ, ఆ యంత్రాలతో ఆగకుండా కలప, రసాయనాలు, ఎలక్ట్రానిక్స్ కూడా చూస్తే ఎట్లా ఉంటుందో అట్లాంటిది. ఖర్చులో కొంత టెకెస్ భరిస్తుంది, మిగిలింది కంపెనీ పెట్టుకోవాలి. కంపెనీకి మొత్తం ఖర్చు ఊరికే వస్తే అక్కడి పెద్ద ఇంజనీరు మీటింగుకు రాడు, రిపోర్టు బీరువాలో పడుతుంది. సొంత డబ్బు సగం ఉన్నప్పుడు మాత్రం ప్రతి నెలా వచ్చి కూర్చుంటాడు. పెద్ద కంపెనీలు సాయం అడిగితే, పనిలో కొంత చిన్న కంపెనీలకూ యూనివర్సిటీలకూ పంచమనేవారు.

2018లో టెకెస్ మరో సంస్థతో కలిసి బిజినెస్ ఫిన్లండ్ అయింది. అది ఇచ్చే పరిశోధన అప్పు ప్రాజెక్టు ఖర్చులో 50 నుంచి 70 శాతం దాకా ఉంటుంది, తాకట్టు అడగరు. పని సరిగ్గా చేసినా ఫలితం రాకపోతే అప్పులో కొంత భాగం వసూలు చెయ్యకుండా వదిలే వీలుంది. చిన్న కంపెనీ యజమాని ఇల్లు పోతుందనే భయం లేకుండా కొత్తది ప్రయత్నించేది ఆ ఒక్క షరతు వల్లే. దానికి తగ్గ కట్టుబాటూ ఉంది: ఎవరు ఏ పని మీద ఎన్ని గంటలు గడిపారో రోజూ రాసిపెట్టాలి. కొత్తగా వచ్చే కంపెనీలు తడబడేది ఎక్కువగా ఇక్కడే. పని బాగానే చేస్తారు, గంటల పుస్తకం నెలాఖరున గుర్తు తెచ్చుకుని నింపుతారు, లెక్క తేలక ఆ ఖర్చు ఒప్పుకోరు.

ఇప్పుడు 1991. సోవియట్ వ్యాపారం ఒక్కసారిగా పడిపోయింది, బ్యాంకులు కుదేలయ్యాయి. 3 శాతం దగ్గరున్న నిరుద్యోగం 1994 నాటికి 16 శాతం దాటింది. ప్రభుత్వం అన్ని ఖర్చులూ కోసింది, పరిశోధన మీద మాత్రం పెంచింది. 1987 నుంచి సైన్సు, టెక్నాలజీ విధాన మండలికి ప్రధానమంత్రే అధ్యక్షుడు కావడం ఇక్కడ పనికొచ్చింది. ఆర్థిక శాఖ వాళ్ళు ఎదురుగా కూర్చుని ఉండగా నిర్ణయాలు జరిగేవి. 1996లో ప్రభుత్వ కంపెనీల వాటాలు అమ్మగా వచ్చిన డబ్బులో కొంత తీసి పరిశోధనకు మళ్ళించాలని తీర్మానించారు. 1991లో దేశ స్థూల ఉత్పత్తిలో (జీడీపీలో) 2 శాతం దగ్గరున్న పరిశోధన ఖర్చు 2000 నాటికి 3 శాతం దాటింది. అందులో ఎక్కువ భాగం కంపెనీలదే. ప్రభుత్వ డబ్బు ముందు నడిచింది, కంపెనీల డబ్బు దాని వెనక వచ్చింది.

ఈ కథలో ఔలు ఊరి పేరు తప్పక చెప్పండి. ఉత్తరాన, ఒకప్పుడు తారు ఎగుమతి చేసిన రేవు. 1958లో అక్కడ యూనివర్సిటీ పెట్టారు. 1974లో వీటీటీ ఎలక్ట్రానిక్స్ ల్యాబు వచ్చింది, 1982లో టెక్నాలజీ గ్రామం. ఊళ్ళో రేడియో పని తెలిసిన ఇంజనీర్లు తయారయ్యాక సెల్‌ఫోను పరిశ్రమ అక్కడికి చేరింది. యూనివర్సిటీకీ ఫోన్లకూ మధ్య మూడు దశాబ్దాలు.

తప్పులు కూడా చెప్పాలి, లేకపోతే మీ మాట ప్రచారంలా వినిపిస్తుంది. 1865లో కాగితపు గుజ్జు మిల్లుగా పుట్టిన నోకియా 2000లో దేశ స్థూల ఉత్పత్తిలో సుమారు 4 శాతం, ఎగుమతుల్లో ఐదో వంతు దాకా మోసింది. దేశపు పరిశోధన అంకె బాగా కనబడటానికి కారణం కూడా చాలావరకు ఆ ఒక్క కంపెనీయే. 2009లో స్థూల ఉత్పత్తిలో 3.7 శాతం ఉన్న దేశపు పరిశోధన ఖర్చు నోకియా కుంగాక 2016కు 2.7కు దిగింది. 2014లో ఫోన్ల వ్యాపారం మైక్రోసాఫ్ట్ చేతికి వెళ్ళింది. నోకియా తాను తీసేసిన ఉద్యోగులకు సొంత కంపెనీ పెట్టుకోవడానికి మనిషికి 25,000 యూరోల దాకా ఇచ్చింది. ఆ చేతులు అట్లా దేశంలో మిగిలాయి. ప్రభుత్వం మాత్రం సరిగ్గా అదే సమయంలో, 2015 తరువాత, టెకెస్‌కూ యూనివర్సిటీలకూ డబ్బు తగ్గించింది. 1990లలో చేసిన దానికి పూర్తిగా వ్యతిరేకం ఇది.

ఒకటి రెండేళ్ళు కోస్తే ఏమవుతుందని మీ సభలో అడుగుతారు. పీహెచ్‌డీకి నాలుగేళ్ళు పడుతుంది. మూడో ఏడు చివర డబ్బు ఆగితే ముందు మూడేళ్ళ ఖర్చూ వృథా. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు నడిపే మనిషి చెయ్యి కుదరడానికే ఏడాది, రెండేళ్ళు కావాలి. అతను వెళ్ళిపోతే కోట్ల యంత్రం మీద గుడ్డ కప్పుకుంటుంది, సర్వీసు కాంట్రాక్టు తప్పితే మళ్ళీ తెరిపించడం కొత్తది కొన్నంత పని. డబ్బు తిరిగి వచ్చినా ఆ మనుషులు తిరిగి రారు. ఈ దెబ్బ తిన్నాకే పార్టీలన్నీ కూర్చుని ఒక చట్టానికి ఒప్పుకున్నాయి. అది 2023 జనవరి 1 నుంచి అమల్లో ఉంది: 2030కల్లా పరిశోధన ఖర్చు స్థూల ఉత్పత్తిలో 4 శాతం, అందులో ప్రభుత్వ వాటా 1.2 శాతం, ఎవరు గెలిచినా ఏటా పెంచాల్సిందే. బడిలో జారిన దానికి ఇంకా మందు దొరకలేదు. అంతర్జాతీయ పీసా పరీక్షలో ఇక్కడి పిల్లలకు 2003లో లెక్కల్లో 544 వస్తే 2022లో 484 వచ్చాయి. ఇరవై ఏళ్ళ తరువాత రాబోయే ఇంజనీర్ల లెక్క అది. పరిశోధన శాతం కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇదే.

మైసూరు దగ్గరికి వస్తాను. మన మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు 1912 నుంచి 1918 దాకా దివానుగా ఉన్నప్పుడు జరిగినవి వరసలో పెట్టి చూడండి. 1913లో ప్రాథమిక విద్య చట్టం, 1916లో మైసూరు యూనివర్సిటీ, 1917లో బెంగళూరు ఇంజనీరింగు కాలేజీ. సంస్థానం ఇచ్చిన 371 ఎకరాల్లో టాటా ఇన్‌స్టిట్యూటు, అంటే ఇప్పటి ఐఐఎస్సీ, 1909లోనే మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధంతో గంధపు చెక్క జర్మనీకి వెళ్ళడం ఆగిపోతే, ఆ ఇన్‌స్టిట్యూటు రసాయన శాస్త్రజ్ఞుల సాయంతో 1916లో మన దగ్గరే నూనె తీశారు, రెండేళ్ళకు సబ్బు చేశారు. బడి, కాలేజీ, ల్యాబు, ఫ్యాక్టరీ అన్నీ 58 లక్షల మంది సంస్థానంలో. 1940లో విమానాల ఫ్యాక్టరీ, 1953లో యంత్రాలు చేసే హెచ్ఎంటీ, 1962లో సీఎంటీఐ బెంగళూరు వెతుక్కుంటూ వచ్చాయంటే పని తెలిసిన మనుషులు అప్పటికే అక్కడ ఉండటం ఒక పెద్ద కారణం. మన దేశం మొత్తం మీద 2020-21లో పరిశోధన ఖర్చు స్థూల ఉత్పత్తిలో 0.64 శాతం. అందులో ప్రైవేటు కంపెనీల వాటా 36 శాతం దగ్గర. ఫిన్లండ్‌లో కంపెనీలది మూడింట రెండు వంతులు. ఢిల్లీ వైపు చూస్తూ ఎంత అడిగినా, పీణ్యా లాంటి చోట్ల షెడ్లు తమ వంతు మొదలుపెట్టకపోతే ఆ 36 పెరగదు.

అందుకని మీ షెడ్డు. ఇక్కడ ఇంజనీరింగు మాస్టర్స్ చివరి ఆరు నెలలు, 30 క్రెడిట్లు, థీసిస్. చాలామంది దాన్ని కంపెనీలోనే చేస్తారు. సమస్య కంపెనీది, జీతం కంపెనీ ఇస్తుంది, ప్రొఫెసరు పర్యవేక్షిస్తాడు. మీరు ఒక ఎం.టెక్ విద్యార్థితో ఇదే చెయ్యొచ్చు. స్టెయిన్‌లెస్ బుష్షుల్లో వందకు ఐదారు సైజు తప్పుతున్నాయని రాశారు కదా, అదే సమస్యగా తీసుకోండి. "నాణ్యత పెంచాలి" అని రాస్తే ఆరు నెలలూ పుస్తకాలు చదవడంలోనే పోతాయి. "ఈ ఒక్క జాబులో రిజెక్షను ఆరు నుంచి రెండుకు రావాలి" అని రాయండి.

విద్యార్థి రాకముందే మూడు నెలల లెక్క సిద్ధంగా ఉండాలి, లేకపోతే మొదటి మూడు నెలలు అతను అదే పని చేస్తాడు. ఒక రూళ్ళ పుస్తకం లేత్ పక్కన కట్టండి. ప్రతి షిఫ్టులో బార్ హీట్ నంబరు (ఉక్కు ఏ పోతలోదో చెప్పేది), ఎన్నో పీసుకు ఇన్సర్టు (కోసే మొన) మార్చారు, కూలెంటు (కోసేచోట చల్లబరిచే నూనె నీళ్ళు) గాఢత, షెడ్డు వేడి, రిజెక్టైన పీసు సైజు మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో) రాయాలి. కూలెంటు గాఢత చూడటానికి రెండు మూడు వేలలో దొరికే రిఫ్రాక్టోమీటరు కొనండి. చూపించిన అంకెను డబ్బా మీది గుణకంతో హెచ్చవెయ్యడం మరవద్దు. మామూలుగా 5 నుంచి 10 శాతం మధ్య ఉండాలి. కూలెంటు మట్టం తగ్గినప్పుడు మనవాళ్ళు నూనె కలపకుండా ఉట్టి నీళ్ళు పోస్తారు. నెల తిరిగేసరికి పల్చబడి ఇన్సర్టు అంచు త్వరగా పోతుంది. వేడి కూడా తక్కువది కాదు. ఉక్కు మీటరుకు, డిగ్రీకి సుమారు 11.5 మైక్రాన్లు పెరుగుతుంది, స్టెయిన్‌లెస్ ఇంకా ఎక్కువ. 100 మిల్లీమీటర్ల ఉక్కు పీసు 10 డిగ్రీలు వేడెక్కితే పదకొండు పన్నెండు మైక్రాన్లు. మీ టాలరెన్సు (సైజులో ఒప్పుకునే తేడా) 20 మైక్రాన్లు అయితే అందులో సగం పైన రేకుల కప్పు వేడికే ఖర్చైంది. లేత్ మీంచి దించిన వెంటనే కొలవకండి, పీసూ మైక్రోమీటరూ ఒకే వేడికి వచ్చాక కొలవండి. మైక్రోమీటర్లు ఒకసారి సీఎంటీఐలో చూపించుకుంటే మంచిది.

కాలేజీతో ఒక పేజీ ఒప్పందం ముందే రాసుకోండి. కొత్త పద్ధతి దొరికితే ఎవరిది, ఏది అచ్చు వెయ్యొచ్చు, ఏది వెయ్యకూడదు. ఇక్కడ థీసిస్ అందరికీ తెరిచి ఉంటుంది, కాబట్టి కస్టమరు డ్రాయింగు, ధరలు అందులో ఎక్కవు, విడిగా ఉంచుతారు. ఈ మాట చివర్లో తేల్చుకుందామనుకుంటే సంతకాల దగ్గర గొడవ వస్తుంది. నెలకు 15,000 చొప్పున ఆరు నెలలకు 90,000. ఇన్సర్టులు, మెటీరియలు, పరికరాలతో కలిపి లక్షన్నర అనుకోండి. దీనికన్నా విలువైనది యంత్రం సమయం. వారానికి నాలుగు గంటలు ఒక లేత్ ఆ అబ్బాయికో అమ్మాయికో వదలాలి, ఆర్డరు ఎంత తొందరగా ఉన్నా. ఇట్లాంటి పనులు ఎక్కువగా చెడేది ఆ నాలుగు గంటలు పోయినప్పుడే. పన్నులో అదనపు తగ్గింపు వస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. గుర్తింపు పొందిన సొంత ల్యాబులకు ఒకప్పుడుండేది, 2020 ఏప్రిల్ నుంచి అదీ లేదు. మొదటి విద్యార్థితో రిజెక్షను తగ్గకపోయినా రెండో ఏడు ఇంకొకర్ని తీసుకోండి. పుస్తకంలో ఏడాది లెక్క ఉంటుంది కాబట్టి ఆ రెండోవాళ్ళు సున్నా నుంచి మొదలుపెట్టరు.

లేత్ పక్కన పుస్తకం కట్టాక మొదటి రెండు వారాల పేజీలు ఫోటో తీసి పంపండి. కాలమ్‌లు ఏవి కలపాలో చూసి చెబుతాను. చిన్నమ్మ మోకాలి నొప్పి ఎట్లా ఉందో ఈసారి తప్పక రాయండి.

ఇట్లు
మీ చిన్నోడు