ఆ విమానానికి తాళం లేదండీ

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ స్పిట్‌ఫైర్ యుద్ధ విమానం మీద వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. బాగుంది, ఫొటోలు ఇంకా బాగున్నాయి. ఒక్క వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాను. సైరన్ మోగగానే పైలట్ పరిగెత్తుకెళ్లి ఎక్కి తాళం తిప్పి ఎగిరిపోయేవాడని రాశారు. తాళం లేదండీ అందులో. బటన్లు ఉండేవి, వాటిని నొక్కితే స్టార్టర్‌ని తిప్పే కరెంటు మాత్రం నేల మీద, ఇంజన్ పక్కన నిలబెట్టిన ఒక రెండు చక్రాల బండిలోంచి వచ్చేది. ఆ బండి గురించి గానీ, దాన్ని చూసుకున్న మనుషుల గురించి గానీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు. ముప్పై ఏళ్లకు పైగా ఒక బస్ డిపోలో బ్యాటరీ సెక్షన్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి, మనసు ఊరుకోక రాస్తున్నాను.

ఆ బండిని బ్రిటిష్ వాళ్లు ట్రాలీ అక్యుములేటర్ అనేవాళ్లు, పొట్టిగా ట్రాలీ ఆక్. పేరు కొత్తగా ఉంది కానీ లోపల ఉండేవి మనకు తెలిసిన సీసం ప్లేట్ల యాసిడ్ బ్యాటరీలే. ఎందుకు కావలసి వచ్చిందో చెప్తాను. స్పిట్‌ఫైర్‌లో ఉన్న మెర్లిన్ ఇంజన్‌కి 12 సిలిండర్లు, అన్నీ కలిపి లోపలి కొలత 27 లీటర్లు. నేను చూసిన బస్సుల ఇంజన్ ఆరు లీటర్ల చిల్లర, దానికే రెండు పెద్ద బ్యాటరీలు కలిపి 24 వోల్టులు ఇస్తేగానీ సెల్ఫ్ తీసుకోదు, ఆ రెండు మూడు సెకన్లలోనే వందల ఆంపియర్లు లాగేస్తుంది (డీజిల్ ఇంజన్‌కి కంప్రెషన్ ఎక్కువ, నిజమే, అయినా 27 లీటర్లంటే మాటలా). మొదటి స్పిట్‌ఫైర్లలో ఉన్నది 12 వోల్టుల సిస్టమ్. లోపల ఉండే చిన్న బ్యాటరీ రేడియోకి, గురి చూసే అద్దంలో బల్బుకి, లైట్లకి సరిపోయేది. తుపాకులు పేలడం, ఫ్లాప్‌లు, బ్రేకులు అన్నీ గాలి ఒత్తిడితో నడిచేవి. ఒక్క స్టార్టింగ్ కోసం అంత బరువు మోసుకుంటూ పైకి ఎక్కడం ఎందుకని ఆ పెద్ద బ్యాటరీలని కిందే ఉంచారు. 20 వేల అడుగులు ఎక్కడానికే సుమారు 8 నిమిషాలు పట్టే విమానం అది, అవతల జర్మన్లు సముద్రానికి ఆ ఒడ్డునే ఉన్నారు.

స్టార్ట్ చేయడం కూడా పెద్ద పనే. ముందు చేత్తో పంపు కొట్టి సిలిండర్లలోకి పెట్రోల్ ఎక్కించాలి, ఇంజన్ చల్లగా ఉంటే ఎక్కువ, వేడిగా ఉంటే తక్కువ, లెక్క తప్పి ఎక్కువైతే ఎగ్జాస్ట్ గొట్టాల్లోంచి మంటలు వచ్చేవి. ఇంజన్‌తో పాటు తిరుగుతూ స్పార్క్ పుట్టించే మ్యాగ్నెటో నెమ్మదిగా తిరిగేటప్పుడు గట్టి స్పార్క్ ఇవ్వదు కాబట్టి స్టార్టర్‌తో పాటు బూస్టర్ కాయిల్‌కి కూడా కరెంటు ఇవ్వాలి. ఇంజన్ అందుకోగానే కింద ఉన్న మనిషి, తిరుగుతున్న ప్రొపెల్లర్ వెనకాల ఆ గాలిలో ఆ మోతలో చెయ్యి పెట్టి ప్లగ్ లాగి, మూత బిగించి, బండిని పక్కకు లాక్కుపోవాలి. నేల మీద ఎక్కువసేపు ఆడిస్తే ఇంజన్ వేడెక్కిపోతుంది, అందుకని ఆలస్యం కుదరదు. చాలాసార్లు పైలట్ పరిగెత్తుకుంటూ వచ్చేసరికే ఇంజన్ పని చూసే ఫిట్టర్ కాక్‌పిట్‌లో కూర్చుని ఇంజన్ స్టార్ట్ చేసి, దిగి, సీటు అప్పగించేవాడు.

అందరూ బ్యాటరీనే నమ్ముకోలేదు. తర్వాత వచ్చిన స్పిట్‌ఫైర్ మార్క్ 2లో తూటాలాంటి కార్ట్రిడ్జ్ పేల్చి ఆ గ్యాస్ ఒత్తిడితో ఇంజన్‌ని తిప్పే కాఫ్‌మన్ స్టార్టర్ పెట్టారు. జర్మన్ల మెస్సర్‌ష్మిట్ 109కి ఇంజన్ పక్కన హ్యాండిల్ దూర్చి మెకానిక్ గిరగిరా తిప్పితే లోపల ఫ్లైవీల్ నిమిషానికి వేల చుట్లు అందుకుని సన్నగా ఈల వేసేది, అప్పుడు పైలట్ లివర్ లాగితే ఆ వేగమంతా ఇంజన్‌కి తగులుకునేది. రష్యా వాళ్ల యాక్ ఫైటర్లు కంప్రెస్డ్ ఎయిర్‌తో స్టార్ట్ అయ్యేవి, వాళ్లదే ఐ-16 అనే ఫైటర్‌కైతే లారీ మీద బిగించిన షాఫ్ట్ తెచ్చి ముక్కుకి తగిలించి లారీ ఇంజన్‌తోనే తిప్పేవాళ్లు. ఏ పద్ధతి తీసుకున్నా కింద ఒక మనిషి చెయ్యి ఉండాల్సిందే.

బ్యాటరీ పని చూడ్డానికి చిన్నగా కనిపిస్తుంది. మా డిపోలో ఒక డిసెంబర్ నెల, తెల్లవారుజామున నాలుగున్నర ఫస్ట్ సర్వీస్. డ్రైవర్ సెల్ఫ్ కొడితే టక్‌మని ఒక్క శబ్దం, అంతే. "అన్నా, బ్యాటరీ డౌన్ అయినట్టుంది, జల్ది రా" అని కేక. వెళ్లి యాసిడ్ చిక్కదనం (గ్రావిటీ) కొలిచే హైడ్రోమీటర్ పెట్టి చూస్తే ఒక బ్యాటరీలో ఐదు సెల్స్ గ్రావిటీ 1.250 దాకా ఉంది, ఆరోది 1.150కి పడిపోయింది. ముందురోజు రాత్రి రిజిస్టర్‌లో సంతకం పెట్టింది నేనే, ఆ సెల్ మూత తీసి చూడనిదీ నేనే. బస్సుని తోసి స్టార్ట్ చేశాం, జనం అరగంట చలిలో నిలబడ్డారు. ఇప్పటికీ గుర్తొస్తే బాధగా ఉంటుంది. అదే, జర్మన్ విమానాలు బ్రిటన్ మీద దాడి చేస్తున్న 1940 ఆగస్టులో ఒక ట్రాలీ బ్యాటరీలో సెల్ పడిపోతే? బస్సులా తోసి స్టార్ట్ చేసేది కాదు, బాంబులు పడే చోటే విమానం ఆగిపోతుంది. ఆ టెన్షన్‌లో రాత్రీ పగలూ ఆ బండ్లకి ఛార్జింగ్ పెట్టి, డిస్టిల్డ్ వాటర్ పోసి, టెర్మినల్స్ తుడిచి పెట్టినవాళ్లు ఉన్నారు కాబట్టే బటన్ నొక్కితే ఇంజన్ తిరిగింది.

మనకి దీనితో చుట్టరికం కూడా ఉంది. నిజాం ఇచ్చిన విరాళానికి గుర్తుగా బ్రిటిష్ వైమానిక దళంలో 152వ స్క్వాడ్రన్‌కి హైదరాబాద్ పేరు పెట్టారు, దాని చిహ్నంలో ఉన్నది నిజాం తలపాగా. 1940లో వాళ్లు ఇంగ్లండ్‌లో వార్మ్‌వెల్ అనే గడ్డి మైదానం నుంచి స్పిట్‌ఫైర్లు నడిపారు. 1943 చివర్లో అదే స్క్వాడ్రన్ బర్మా యుద్ధం కోసం మన వైపు వచ్చింది. ఈ ఎండల్లో బ్యాటరీలో నీళ్లు ఎంత తొందరగా ఇంకిపోతాయో నాకు తెలుసు. ఆ చిట్టడవుల పక్కన ఎయిర్‌స్ట్రిప్‌లో డిస్టిల్డ్ వాటర్ కోసం వాళ్లు ఎంత అవస్థ పడి ఉంటారో అనిపిస్తుంది.

రెండో భాగం వస్తుందని వేశారు కాబట్టి ఒక కోరిక. మీరు వేసిన మూడో ఫొటో మళ్లీ చూడండి. రెక్క ముందు ఒక చిన్న బండి ఉంది, దాంట్లోంచి లావుపాటి కేబుల్ ఒకటి ఇంజన్ పక్కకి వెళ్తోంది, ఓవరాల్ వేసుకున్న కుర్రాడొకడు దాని మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. కింద పైలట్ పేరు ఒక్కటే వేశారు. ఆ కుర్రాడి పేరు దొరక్కపోవచ్చు, అతను నిలబడింది దేని పక్కనో, ఎందుకో మాత్రం ఈసారి రాయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బస్ డిపో ఎలక్ట్రీషియన్,
వరంగల్