విల్సన్ వ్యాధి వ్యాసానికి చెయ్యి వేసిన అందరికీ

తెలుగు వికీపీడియాలో విల్సన్ వ్యాధి వ్యాసం ఇప్పుడు, ఇంట్లో ఆ జబ్బున్న మనిషి ఉన్నవాళ్లు ధైర్యంగా చదువుకోగలిగేలా తయారైంది. బెంగళూరులో ఉంటూ దాని మీద కూర్చున్న మా నలుగురి వల్ల మాత్రమే అయ్యే పని కాదిది. సాయపడిన డాక్టర్లకు, మందుల షాపు అన్నకు, జన్యు పరీక్షల ల్యాబ్‌లో పనిచేసే అక్కకు, మూలాలు వెతికిపెట్టిన మెడికల్ విద్యార్థులకు, జబ్బున్న పిల్లల తల్లిదండ్రులకు మనసారా నమస్కారాలు. పేర్లు వద్దని చాలామంది అన్నారు కాబట్టి, ఎవరు ఏం సరిదిద్దారో అదే రాస్తున్నాం. అవన్నీ ఎవరో ఒకరి ఇంటికి అక్కరకొచ్చే సంగతులే.

తెలియనివాళ్ల కోసం ముందుగా రెండు ముక్కలు. తిండిలో కొద్దిగా రాగి ఉంటుంది. ఒంటికి అక్కర్లేనిదాన్ని కాలేయం పైత్యరసంలో కలిపి బయటికి పంపేస్తుంది. ఆ పనికి కావలసిన ఏటీపీ7బి అనే జన్యువు 13వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఆ జన్యువుకు తల్లి నుంచి వచ్చిన ప్రతి (కాపీ), తండ్రి నుంచి వచ్చిన ప్రతి రెండూ చెడితే రాగి మొదట కాలేయంలో, ఆ తర్వాత మెదడులో, కంటిలో పేరుకుంటుంది. దీన్ని 1912లో వర్ణించినవాడు కినియర్ విల్సన్ అనే నరాల డాక్టరు. 1956లో జాన్ వాల్ష్ అనే డాక్టరు, ఒంట్లోని రాగిని మూత్రంలోకి తోసే పెనిసిల్లమిన్ అనే మందు వాడి చూపించాడు. జన్యువు 1993లో దొరికింది. వంశపారంపర్యంగా వచ్చే నరాల జబ్బుల్లో నోటి మందుతో అదుపులో ఉండేవి చాలా తక్కువ. ఇది వాటిలో ఒకటి. తొందరగా పట్టుకుంటే బిడ్డ చదువుకుంటాడు, ఉద్యోగం చేస్తాడు. ఆలస్యమైతే మాట, నడక పోతాయి. ఈ వ్యాసం మీద మాకు ఇంత పట్టుదల అందుకే.

పరీక్షల విభాగాన్ని మొదటినుంచీ తిరగరాయించిన న్యూరాలజిస్టు గారికి అందరికంటే ఎక్కువ రుణపడి ఉన్నాం. రక్తంలో సెరులోప్లాస్మిన్ (రాగిని మోసే ప్రొటీన్) తక్కువుంటే జబ్బు ఉన్నట్టే అని పాత వ్యాసంలో ఒకే ఒక్క వాక్యం ఉండేది. అది రెండువైపులా మోసం చేస్తుంది. మామూలుగా డెసీలీటరుకు 20 నుంచి 40 మిల్లీగ్రాములు ఉంటుంది, 10 లోపు వస్తే అనుమానం గట్టిపడుతుంది. కానీ ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు, గర్భంతో ఉన్నప్పుడు, ఈస్ట్రోజన్ ఉన్న మాత్రలు వేసుకుంటున్నప్పుడు ఈ ప్రొటీన్ పెరుగుతుంది కాబట్టి జబ్బున్న మనిషికి కూడా అంకె మామూలుగానే రావచ్చు. సరైన తిండి లేని పిల్లల్లో, మూత్రంలో ప్రొటీన్ పోయేవాళ్లలో, ఒక్క ప్రతి మాత్రమే చెడిన కొందరు ఆరోగ్యవంతుల్లో జబ్బు లేకుండానే తగ్గుతుంది. ఒక్క రిపోర్టు పట్టుకుని ఉందనీ లేదనీ తేల్చకూడదు. 2001లో లైప్‌జిగ్‌లో కూర్చిన పాయింట్ల పద్ధతి కంటిలో రాగి పేరుకుని ఏర్పడే వలయం, నరాల లక్షణాలు, సెరులోప్లాస్మిన్, మూత్రంలోనూ కాలేయంలోనూ రాగి, జన్యు మార్పులు అన్నీ కలిపి లెక్కేస్తుంది. 4 పాయింట్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ వచ్చాయా, జబ్బు ఖాయం. ఇప్పుడు వ్యాసంలో అది పట్టికగా ఉంది.

24 గంటల మూత్రం పరీక్ష గురించి కూడా ఆయనే పట్టుబట్టి రాయించారు. ఓపీ హడావిడిలో సగమే చెవికెక్కే విషయం ఇది. పొద్దున 6 గంటలకు లేచి వెళ్లిన మొదటి మూత్రాన్ని పారబోయాలి. లెక్క అప్పుడు మొదలు. ఆ తర్వాత పగలూ రాత్రీ వచ్చినదంతా ల్యాబ్ ఇచ్చిన ప్లాస్టిక్ డబ్బాలోనే పట్టాలి. మర్నాడు 6 గంటలకు వచ్చిన మొదటి మూత్రాన్ని కూడా అందులోనే కలిపి మూత బిగించాలి. మధ్యలో ఒక్కసారి మరిచిపోయి బాత్రూంలో పోసినా అంకె తగ్గి, జబ్బు లేనట్టు వస్తుంది. ఇంట్లో చెంబులోనో ఇత్తడి గిన్నెలోనో పట్టి వంపితే పాత్రలోని రాగి కలిసి అంకె పెరుగుతుంది. రోజుకు 100 మైక్రోగ్రాములు దాటితే గట్టి ఆధారం. పిల్లల్లో 40 దాటినా వదలకూడదు. పెనిసిల్లమిన్ మొదలుపెట్టాక అదే అంకె బాగా పైకి పోతుంది. ఒంట్లోని రాగిని మందు మూత్రంలోకి తోస్తోందని దాని అర్థం. జబ్బు ముదిరిందనుకుని హడలిపోయి మందు ఆపేసే ఇళ్లు ఉన్నాయి కాబట్టి ఈ వాక్యాన్ని వ్యాసంలో మొదట్లోనే పెట్టాం.

కంటి ఫొటో ఇచ్చిన డాక్టరమ్మ గారికి ప్రత్యేకంగా థ్యాంక్స్. వికీపీడియా ఫొటోలు ఉండే వికీమీడియా కామన్స్‌లో దొరికే ఫొటోల్లో ఎక్కువ లేత రంగు కళ్లవి. మనవాళ్ల గోధుమ, నలుపు కళ్లలో కైజర్-ఫ్లైషర్ వలయం (పైన చెప్పిన రాగి వలయం) మామూలు చూపుకు అందదు. ఆవిడ స్లిట్ ల్యాంప్‌తో (కంటి డాక్టర్లు వాడే సూక్ష్మదర్శిని) తీసి ఇచ్చిన ఫొటోలో కార్నియా (కంటి ముందరి పారదర్శక పొర) పై అంచున, తెల్లగుడ్డుకు ఆనుకుని, బంగారు రంగు కలిసిన గోధుమ గీత నెలవంకలా కనబడుతుంది. వలయం పైన మొదలై, ఆ తర్వాత కింద, చివరికి పక్కల కలుస్తుంది. అందుకే పై రెప్ప ఎత్తి చూడాలి. నరాల లక్షణాలు ఉన్నవాళ్లలో ఇది దాదాపు అందరికీ ఉంటుంది. కాలేయం మాత్రమే దెబ్బతిన్నవాళ్లలో సుమారు సగం మందికే ఉంటుంది. "వలయం లేదు కాబట్టి జబ్బు లేదు" అనడానికి వీల్లేదు.

లక్షణాల విభాగానికి అనంతపురం జిల్లా నుంచి వచ్చిన ఒక తండ్రి తమ బిడ్డ నోటుబుక్కులో రెండు పేజీలు, పేరు కనబడకుండా, ఇచ్చారు. జూన్ పేజీలో అక్షరాలు గీత మీద నిలబడి ఉన్నాయి. జనవరి పేజీలో కుంచించుకుపోయి గీత దాటి జారిపోయాయి. దస్తూరి పాడవడం, మాట ముద్దగా రావడం, చొంగ కారడం, ఊరికే కోపం రావడం, మార్కులు పడిపోవడం – వీటిని బద్ధకం అనీ గాలి సోకిందనీ అనుకుని నెలలు గడిచిపోతాయి. అంతకుముందే ఒకసారి కామెర్లు వచ్చి, పసరు మందుతో తగ్గినట్టు కనిపించి ఉండొచ్చు. చిన్న వయసులో కారణం తేలని కామెర్లు, ఆ తర్వాత చేతి వణుకు రెండూ ఉంటే ఈ జబ్బును తలుచుకోవాల్సిందే.

వంశం గురించిన భాగాన్ని ల్యాబ్ అక్క చక్కదిద్దారు. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వస్తుందని మాత్రమే రాసి వదిలేస్తే, మా ఇంటా వంటా లేదు కదా అనుకుని చదివేవాళ్లు పక్కన పెట్టేస్తారు. తల్లిదండ్రులిద్దరూ ఆరోగ్యంగా ఉండి, ఒక్కో చెడు ప్రతి మోస్తుంటారు. వాళ్ల ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. అందుచేత ఒకరికి తేలగానే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు ఏ లక్షణమూ లేకపోయినా కాలేయ పరీక్షలు, సెరులోప్లాస్మిన్, 24 గంటల మూత్రం, కంటి పరీక్ష చేయించాలి. జబ్బున్న బిడ్డలో ఏ జన్యు మార్పు ఉందో తెలిస్తే అదొక్కటి వెతికితే చాలు.

మేనరికం లెక్కను కూడా అక్కే వేసి ఇచ్చారు. మన పక్క దీన్ని దాచి లాభం లేదు. జబ్బున్న అబ్బాయి అక్కకు పరీక్షల్లో ఏమీ లేదని తేలినా, ఆమెలో ఒక చెడు ప్రతి ఉండే అవకాశం మూడింట రెండు. ఆమె కూతురిలో ఉండే అవకాశం మూడింట ఒకటి. అతను ఆ అక్క కూతుర్నే చేసుకుంటే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం ఆరింట ఒకటి. మేనమామ కూతురైతే ఎనిమిదింట ఒకటి. బయటి సంబంధమైతే, 90 మందిలో ఒకరు వాహకులు (ఒక చెడు ప్రతి మోసేవాళ్లు) అన్న సాధారణ అంచనా ప్రకారం, 180లో ఒకటి. ఎవరినీ తప్పుపట్టకుండా ఈ అంకెలు అంకెలుగానే వ్యాసంలో ఉన్నాయి.

మందుల షాపు అన్న చెప్పినవి మాకు ఏ పాఠ్యపుస్తకంలోనూ ఇంత సూటిగా దొరకలేదు. పెనిసిల్లమిన్ అన్నంతో పాటు వేసుకుంటే సగం వరకూ వృథా. తినడానికి గంట ముందో, తిన్న రెండు గంటల తర్వాతో వేసుకోవాలి. ఐరన్ మాత్రలు దానితో కలపకూడదు. ఈ మందు విటమిన్ బి6 పనిని అడ్డుకుంటుంది కాబట్టి పైరిడాక్సిన్ కూడా రాస్తారు. చీటీలో అది అనవసరంగా కనబడి కొనకుండా వదిలేసేవాళ్లు ఉన్నారు. తిండిలోని రాగి ఒంటికెక్కకుండా అడ్డుకునే మందు జింక్ విషయంలో ఇంకో చిక్కు. డాక్టరు 50 మిల్లీగ్రాములు అంటే లోహం లెక్క. జింక్ సల్ఫేటుగా అది 220 మిల్లీగ్రాములు, జింక్ అసిటేటుగా 168. డబ్బా మీది అంకె ఉప్పుదా లోహానిదా అని అడగకుండా కొంటే మోతాదు నాలుగో వంతుకు పడిపోవచ్చు. రెండు మందులూ రాస్తే కలిపి మింగకూడదు, వాటి మధ్య గంటల ఎడం ఉండాలి. వైద్య వ్యాసాల్లో మోతాదులు రాయకూడదన్నది వికీపీడియా పద్ధతి. అందుకని అక్కడ కారణాలు మాత్రమే ఉంచి, అంకెలు ఇక్కడ రాస్తున్నాం. మీ మోతాదు మీ డాక్టరుదే.

మరో రెండు హెచ్చరికలు అన్న, డాక్టరు గారు ఇద్దరూ కలిసి చేర్పించారు. పెనిసిల్లమిన్ మొదలైన తొలి వారాల్లో వణుకు, బిగుసుకుపోవడం కొందరిలో పెరుగుతాయి. అందుకే కొద్దికొద్దిగా పెంచుతారు. పెరిగితే వెంటనే డాక్టరుకు చెప్పాలి గానీ సొంతంగా మానేయకూడదు. గర్భం వచ్చిందని కూడా మానకూడదు. మోతాదు తగ్గిస్తారేమో గానీ ఆపరు. పూర్తిగా బాగున్నామని ఆపేసినవాళ్లలో కాలేయం ఒక్కసారిగా చేతులెత్తేసిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. మందు జీవితాంతం.

వంటింటి సంగతులు అమ్మలు చెప్పారు. రాత్రి రాగి చెంబులో నీళ్లు పోసి పొద్దున తాగే అలవాటు ఈ ఇళ్లలో మానాలి. రాగి కలిపే వాటర్ ప్యూరిఫైయర్ ఉంటే ఆ క్యాట్రిడ్జ్ తీయించాలి. కళాయి అరిగిన ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాస్తే రాగి దిగుతుంది. మేక కార్జం, రొయ్యలు, పీతలు, పుట్టగొడుగులు, చాక్లెట్, జీడిపప్పు, నువ్వుల పొడి మొదటి ఏడాది దూరంగా ఉంచమంటారు. ఇంత చేసినా పథ్యం ఒక్కటే చాలదు. పాత వ్యాసంలో పథ్యం మందుకంటే ముందు ఉండేది. ఒక అమ్మ చెప్పాక దాన్ని కిందికి దించాం.

విద్యార్థులు 2012 యూరోపియన్, 2022 అమెరికన్ మార్గదర్శకాలను, బెంగళూరులోని మెదడు, నరాల ఆస్పత్రి నిమ్‌హాన్స్ నుంచి 2007లో 282 మంది రోగుల మీద వచ్చిన అధ్యయనాన్ని వెతికిపెట్టారు. మూలం లేని వాక్యాలు ఇప్పుడు దాదాపు లేవు. సమాచారపెట్టె, వికీడేటా లింకులు కూడా వాళ్ల పనే.

ఇంకా కావలసింది మెదడు ఎమ్మారై బొమ్మ ఒకటి. మీ దగ్గర ఉంటే ఫిల్ము అంచున ఉన్న పేరు, వయసు, ఆస్పత్రి నంబరు చెరిపేసి, రోగి రాతపూర్వక అనుమతితో, స్వేచ్ఛా లైసెన్సు కింద ఇవ్వండి. వ్యాసం చర్చ పేజీలో ఒక్క ముక్క రాస్తే చాలు, ఎక్కించే పని మేం చూసుకుంటాం.