బోటింగ్ చెరువు కట్టను చూసేదెవరు?

విహారం కోసం కట్టిన చిన్న మట్టి డ్యాములకు భద్రతా తనిఖీ అన్నదే కరువైంది. మేం తరచూ వెళ్లే బోటింగ్ చెరువులో పడవలకు లోతు చాలాలని అలుగు మీద చెక్కలు అడ్డం పెట్టారు, చేపలు జారిపోకుండా వల కూడా కట్టారు. ఆ వలకు ఆకులు, ప్లాస్టిక్ సీసాలు పట్టి వరద పోయే దారి సగానికి పైగా పూడిపోయింది. అలుగు పారకపోతే నీరు కట్ట మీంచే పొర్లుతుంది, అలా పొర్లితే మట్టికట్టకు గండి పడటానికి ఎంతోసేపు పట్టదు. 1889లో అమెరికాలోని జాన్స్‌టౌన్‌ను ముంచెత్తి 2,200 మందికి పైగా ప్రాణాలు తీసిన సౌత్ ఫోర్క్ డ్యామ్ కూడా ఓ క్లబ్బువారి విహార సరస్సుదే. అక్కడా అలుగుకు చేపల జాలీలు అడ్డం పెట్టారు! ఇక్కడ కట్ట దిగువ వాలు మీద చెట్లు మానులయ్యాయి, అడుగున ఎండాకాలంలోనూ తడి ఆరదు. ఊట తేటగా ఉన్నంతవరకు కనిపెట్టి చూడొచ్చు, బురదగా వస్తే లోపలి మట్టి కొట్టుకుపోతున్నట్టే. టికెట్లిచ్చే కుర్రాణ్ని అడిగితే రెయిలింగ్‌కు ఏటా పెయింట్ వేయిస్తున్నారండీ అన్నాడు. డ్యామ్ ఎత్తును కాకుండా దిగువన ఉన్న ఇళ్లను లెక్కలోకి తీసుకుని తనిఖీ తప్పనిసరి చేయాలి. వానలకు ముందే యజమాని ఖర్చుతో ఇంజనీరు చేత కట్ట, తూము, అలుగు చూపించాలి. చెక్కలు, వల తీసేదాకా, తనిఖీ నివేదిక టికెట్ కౌంటర్ దగ్గర అతికించేదాకా బోటింగ్‌కు అనుమతి ఇవ్వకూడదు.