ఒరేయ్ పెసరట్టూ, మా షెడ్డులో ఏం జరిగిందో విను

ఒరేయ్ పెసరట్టూ,

తిట్టుకో, నీ ఇష్టం. జవాబు రాయక రెండు నెలలు దాటింది. సంక్రాంతి ఆర్డర్లు అనే ఒక్క సాకే ఉంది నా దగ్గర, అది నీ మీద పనిచేయదని కూడా తెలుసు. అమ్మ బాగుంది. బండి అమ్మేశాను. చిన్నదానికి పళ్ళొస్తున్నాయి, అందరినీ కొరుకుతోంది. ఇంటి కబుర్లు అంతే. మొన్న మంగళవారం నుంచి ఒక సంగతి చెప్పాలని కడుపు ఉబ్బిపోతోంది, ఇంట్లో మొదలెడితే "అన్నం దగ్గర షెడ్డు గోల వద్దు" అంటున్నారు. ఇక నువ్వే దిక్కు.

మా కంపెనీ తెలుసుగా, నవ్వకు. పదిమంది రైతులు కలిస్తే చాలు ప్రొడ్యూసర్ కంపెనీ పెట్టుకోవచ్చు, మా దగ్గర అరవై దాటారు, ఎక్కువమంది ఆడవాళ్ళే, అందరివీ మందస, వజ్రపుకొత్తూరు వైపు జీడి తోటలు. ఎవరికెన్ని చెట్లున్నా ఓటు మాత్రం ఒక్కటే. నేను సీఈఓని. నువ్వు పెట్టిన "ఛీ-ఈ-ఓ" ఎలా తెలిసిందో గానీ షెడ్డంతా పాకింది, నీ పని నేను చెబుతా ఆగు.

మా బాధ డబ్బు లేకపోవడం కాదురా, కావాల్సిన నెలలో అది చేతిలో లేకపోవడం. జీడి పిక్కలు మార్చి నుంచి మే లోపు రాలిపోతాయి. అప్పుడు చేతిలో నగదున్నవాడే ఏడాదంతా షెడ్డు నడుపుతాడు. లేనివాడి పిక్కలు 80 కిలోల బస్తాల్లో వ్యాపారి గోదాముకి పోతాయి, రేటు ఆయన నోట్లోంచి ఎంతొస్తే అంత. బ్యాంకుకెళ్తే తనఖా ఏముందంటారు. అందుకే విశాఖలో ఒక సంస్థకి అప్లికేషన్ పెట్టాను. ఊరికి పనికొచ్చే వ్యాపారం చేసేవాళ్ళని వెతికి డబ్బూ సలహా ఇచ్చే సంస్థ. సెక్షన్ 8 కంపెనీ, అంటే లాభమొచ్చినా సభ్యులు పంచుకోకూడదు. పెద్ద కంపెనీలు సీఎస్‌ఆర్ కింద, అంటే తమ లాభంలోంచి సమాజ సేవకి ఇచ్చే డబ్బుతో నడుస్తుంది.

దాన్ని నడిపేది ఇద్దరు, ఒక మేడం, ఒక సారు. ఇద్దరూ కలిసే మా షెడ్డుకొచ్చారు. నేను మూడు రాత్రులు కూర్చుని ల్యాప్‌టాప్‌లో బొమ్మలన్నీ తయారుచేశాను, మందస కోవా తెప్పించాను, కొత్త చాపలు వేయించాను. ల్యాప్‌టాప్ తెరవనే లేదు. మేడం నేరుగా నగదు పుస్తకం అడిగింది. ఇరవై ఏళ్ళకి పైగా బ్యాంకులో చేసిందట, పేజీ తిప్పే తీరులోనే తెలిసిపోతుంది. ఈలోగా గడ్డం సారు పచ్చి పిక్క ఒకటి తీసి పళ్ళ మధ్య పెట్టబోయాడు, ఆడవాళ్ళంతా ఒక్కసారి కేకేశారు. జీడి రసం తగిలితే పెదవి తోలు లేచిపోదూ! ఆ కేకతో కొత్త పాతా అన్నది పోయింది, అందరూ నవ్వడం మొదలెట్టారు. ఆ కోవా తర్వాత ఎవరు తిన్నారో అడగకు.

అసలు ఘట్టం ఇక్కడ్నుంచి. మేడం పుస్తకం మూసి, "ఎనిమిది లక్షలు ఇవ్వొచ్చు, వడ్డీ వద్దు, కానీ తిరిగి రావాలి" అంది. సారు వెంటనే "తిరిగి ఎందుకు రావాలి? మొదటిసారి ఇచ్చేది గ్రాంటే అవ్వాలి" అన్నాడు. మొదలైంది రా నాయనా! మా ముందే, చాప మీద, ముప్పావుగంట. ఆ ఇద్దరికీ ఇది పాత గొడవేనని రెండో మాటకే తెలిసిపోయింది, మన హాస్టల్లో నువ్వూ ఆ కిటికీ వాడూ ఫ్యాను గురించి కొట్టుకున్నట్టు. సారుకి ఒకప్పుడు సోలార్ లైట్ల కంపెనీ ఉండేదట, అప్పు వాయిదాలు కట్టలేక మూసేశాడు, అందుకే అప్పు మాట వింటేనే మండుతుంది. మేడం బ్యాంకులో రుణమాఫీలు ఎన్నో చూసింది, ఊరికే ఇచ్చిన డబ్బుకి ఎవరూ లెక్క రాయరని ఆవిడ నమ్మకం. ఇద్దరి మాటా నిజమే కదా, అదే తంటా.

మేడం మదురై అరవింద్ కంటి ఆసుపత్రిని తెచ్చింది. 1976లో 11 మంచాలతో మొదలెట్టారు, డబ్బున్నవాళ్ళు కట్టిన ఫీజుతోనే లేనివాళ్ళకి ఉచితంగా ఆపరేషన్లు చేశారు, దానం కోసం చేయి చాచలేదు కదా అని. సారు ఊరుకుంటాడా, "ఆ డాక్టరుగారు ఇల్లు తాకట్టు పెట్టి మొదలెట్టారండీ, వీళ్ళకి తాకట్టు పెట్టడానికి ఏముంది?" అన్నాడు. మేడం బంగ్లాదేశ్ గ్రామీణ్ బ్యాంకు ఎత్తింది, దాన్ని పెట్టిన యూనస్‌గారు ఏ హామీ లేని ఆడవాళ్ళకే అప్పులిచ్చి 2006లో నోబెల్ తెచ్చుకోలేదా అని. నేను అటూ ఇటూ చూస్తున్నాను, టెన్నిస్ మ్యాచ్‌లా. మా గురించే మాట్లాడుతున్నారు గానీ మమ్మల్ని ఒక్క మాట అడగలేదు. నేనైనా నోరెత్తానా? లేదు. ఎనిమిది లక్షలు ఎగిరిపోతాయేమోనని టెన్షన్.

అప్పుడు పెద్దత్త, అదే, నీకు కాలిన వేళ్ళతో జీడిపప్పు పొట్లం కట్టిచ్చిందే, ఆవిడ, కత్తెర పక్కన పెట్టి, "బాబూ, అప్పే ఇయ్యండి" అంది. సారు ముఖం పాలిపోయింది, పాపం ఆయన వాదించేది వీళ్ళ తరఫునే మరి. అత్త ఆపలేదు. "తిత్లీ తుపానుకి నా జీడిచెట్లన్నీ పడిపోనాయి. ఒకులు దుప్పటి ఇచ్చినారు. ఆ దుప్పటితోటే మూడుసార్లు ఫోటో తీసినారు, మూడోసారి తలకి నూని రాసుకు రమ్మన్నారు. ఊరికే ఇచ్చినోళ్ళు ఎప్పుడైనా వొస్తారు, ఏటైనా సెప్తారు. అప్పిచ్చినోళ్ళు గడువుకే వొస్తారు." ఎవరూ మాట్లాడలేదు. 2018 అక్టోబరులో ఈ ఊళ్ళు ఎలా ఉన్నాయో నీకు చెప్పక్కర్లేదు, మనిద్దరం కలిసే కదా మీ తాతగారి కొబ్బరితోటలో... సరే వదిలెయ్, ఇప్పుడు అది వద్దు.

అత్త ఇంకో షరతు కూడా పెట్టింది. వాయిదా నెలనెలా వద్దు, పప్పు మంచి రేటుకి పోయేది దసరా దీపావళికే, ఆ తర్వాత రెండు వాయిదాల్లో కడతాం, తోట పడిపోతే ఒక ఏడాది ఆగాలి. మేడం రాసుకుంది. సారూ రాసుకున్నాడు! నా మూడు రాత్రుల బొమ్మల్లో ఈ ముక్క ఎక్కడా లేదని నీతో ఒప్పుకుంటున్నాను, బయట అనకు.

ఇంతటితో అయిపోతే నేను ఇంత పొడుగు రాయను. కారెక్కబోతూ ఇద్దరూ ఏదో గుసగుసలాడుకుని వెనక్కొచ్చారు. ఎవరికి డబ్బివ్వాలో తేల్చే కమిటీ ఒకటి ఉందట, రిటైరైన పెద్ద ఆఫీసర్లు, ఆడిటర్లు, ప్రొఫెసర్లు. డబ్బు తీసుకున్నవాళ్ళలోంచి మాత్రం ఒక్కరూ లేరు. "మీరు వచ్చి కూర్చుంటారా అమ్మా, గౌరవ సభ్యురాలిగా" అని సారు అడిగాడు. అత్త ఒక్క క్షణం ఆలోచించి "గౌరవం సరే బాబూ, కూలో?" అంది.

నాకు నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. అత్త మగడికి వారానికి రెండుసార్లు డయాలసిస్, నీకు తెలిసిందే, మన ఉద్దానం ఊళ్ళలో ఆ కిడ్నీ జబ్బు లేని వీధి ఏది? పలాసలో 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలయ్యాక విశాఖ తిరగడం తప్పింది, అయినా ఆ రెండు రోజులూ పని పోతుంది. ఇంకొక రోజు పోగొట్టుకుని విశాఖ వెళ్ళి ఏసీ గదిలో కూర్చోవాలంటే ఆ రోజు పప్పు ఎవరు కొడతారు? మేడం "మా కమిటీలో ఎవరూ డబ్బు తీసుకోరమ్మా" అంది. అత్త చాలా మామూలుగా, "ఆళ్ళకి పింఛనీ వొస్తాది కదమ్మా" అంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ రోజు మొత్తంలో ఇద్దరికీ ఒకే ఆలోచన వచ్చింది అప్పుడొక్కసారే అనుకుంటా. ఏం చెప్పకుండానే కారెక్కారు. ఇక ఎనిమిది లక్షలూ పోయాయనుకుని ఆ రాత్రి అన్నం తినలేదు నేను.

నిన్న ఫోన్. మేడమే చేసింది. డబ్బు ఖాయం, మార్చికి ముందే వస్తుంది, అత్త చెప్పిన షరతులతోనే. కమిటీకి రోజు కూలి, బస్సు ఛార్జీ, భోజనం. ఇక అసలైన ముక్క విను, అత్త ఒక్కదానికే ఇస్తే బాగుండదు కాబట్టి ఇకనుంచి అందరికీ అదే రేటట! అంటే ఆ రిటైరైన పెద్దాయన కూడా పిక్కలు కొట్టే కూలికి వోచర్ మీద సంతకం పెట్టాలి. ఆయనకి ఈ సంగతి ఎవరు చెప్పాలా అని ఆ ఇద్దరూ మళ్ళీ కొట్టుకుంటున్నారట.

వచ్చే నెల మీటింగ్‌కి అత్తని తీసుకెళ్ళేది నేనే. నన్ను గుమ్మం బయటే కూర్చోమన్నారు. అత్త అప్పుడే అడిగింది, ఏ చీర కట్టుకోవాలని కాదు, అక్కడికొచ్చే కాగితాలు ముందురోజు చదివి వినిపిస్తావా లేదా అని. రాత్రుళ్ళు కూర్చుని తెలుగులో రాసిపెట్టాలి, నువ్వు ఆదివారం వస్తే ఆ ఇంగ్లీషు ముక్కలు కొన్ని...

ఉండు, బస్తాల లారీ వచ్చింది, హారన్ కొట్టి చంపుతున్నాడు. మిగతాది తర్వాత.

నీ
ఛీ-ఈ-ఓ