ఇగ్నేషియస్ సంకెళ్ల సంగతి కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ అనుబంధంలో దాచేసిన సువార్తల గురించి వచ్చిన వ్యాసం మొత్తం చదివాను. 1945లో ఈజిప్టులో నాగ్ హమ్మాది దగ్గర ఒక జాడీలో పాత పుస్తకాలు దొరకడం, అవి కోప్టిక్ అనే పాత ఈజిప్టు భాషలో ఉండటం, వాటిలో తోమా సువార్త ఉండటం, ఇదంతా నిజమే, చక్కగా రాశారు కూడా. కానీ ఆ తర్వాత రాసిందే నాకు మింగుడు పడలేదు. 325లో రోము సామ్రాజ్యాన్ని ఏలిన కాన్‌స్టంటైన్ చక్రవర్తి నైసియా అనే ఊళ్లో బిషప్పులందర్నీ కూర్చోబెట్టి తనకు పనికొచ్చే నాలుగు సువార్తలు ఉంచుకొని మిగతావి తీసేయించాడని, ఆ తీసేసిన వాటిలోని క్రీస్తే అసలు క్రీస్తని రాశారు. మా ప్రొద్దుటూరు యూత్ గ్రూపులో ఎవరో ఆ పేజీ ఫొటో తీసి పెట్టేశారు, సాయంత్రానికల్లా పిల్లలు "టీచర్, ఇది నిజమేనా, మాకెందుకు చెప్పలేదు" అని మొదలుపెట్టారు. అడగటం మంచిదే. ఆ జవాబు మా సండే స్కూల్ గదిలో చెప్పి ఊరుకుంటే చాలదు, మీ పత్రిక జిల్లా అంతా చదువుతుంది కాబట్టి మీకే రాస్తున్నాను.

ముందు నైసియా సంగతి తేల్చేద్దాం. అక్కడ వాదన జరిగింది ఏరియస్ అనే బోధకుడి బోధ మీద, కుమారుడు తండ్రితో సమానుడా కాదా అన్న దాని మీద. ఈస్టర్ ఎప్పుడు చేసుకోవాలన్నది కూడా మాట్లాడుకున్నారు. ఏ సువార్తలు ఉంచాలి, ఏవి తీసేయాలి అన్న తీర్మానం ఆ సభ నియమాల్లో లేదు. ఇవాళ మన బైబిల్లో ఉన్న కొత్త నిబంధన 27 పుస్తకాల జాబితా సరిగ్గా అలాగే కనిపించేది 367లో అలెగ్జాండ్రియా బిషప్ అథనేషియస్ రాసిన ఈస్టర్ లేఖలో, అప్పటికి కాన్‌స్టంటైన్ చనిపోయి 30 ఏళ్లయింది. ఇంకా ముఖ్యమైంది, గ్నోస్టిక్ బోధలకు, అంటే మీరు చెప్పిన ఆ పుస్తకాల్లో చాలావాటిలో కనిపించే రహస్య జ్ఞానపు బోధలకు, క్రైస్తవులు జవాబు రాసింది నైసియాకి వందేళ్లకు పైగా ముందే, చేతిలో రాజ్యం కాదు కదా సొంతంగా ఒక కట్టడం కూడా లేని రోజుల్లో, ఏ పూట ఎవర్ని పట్టుకుపోతారో తెలియని టెన్షన్‌లో. మీ వ్యాసం చదివినవాళ్లకు మాత్రం సింహాసనం మీద కూర్చున్నవాళ్లు నోరులేనివాళ్ల పుస్తకాలు లాక్కున్నారని అనిపిస్తుంది. రెండో శతాబ్దంలో రెండు వైపులా ఉన్నవాళ్లు నోరులేనివాళ్లే.

గ్నోస్టిక్‌లంటే ఒకే గుంపు కాదు, రకరకాల బోధకులు, రకరకాల కథలు. చాలామందిలో కామన్‌గా కనిపించేది ఏంటంటే, ఈ లోకాన్ని చేసింది పరమ దేవుడు కాదు, తన పైన ఎవరున్నారో కూడా తెలియని ఒక కిందిస్థాయి శక్తి, కాబట్టి ఈ మట్టీ, ఈ శరీరం ఒక చెరసాల, కొందరి లోపల మాత్రం పైలోకపు నిప్పురవ్వ ఉంది, రహస్య జ్ఞానం అందితే అది విడిపించుకొని పోతుంది. మన దగ్గర కొందరు ఇది మన వేదాంతం లాంటిదే కదా అంటారు, సృష్టికర్తే అజ్ఞాని అనే మాట మన వేదాంతులు కూడా ఒప్పుకోరని నా అభిప్రాయం. సరే, శరీరమే చెర అయినప్పుడు పైనుంచి వచ్చిన క్రీస్తు శరీరంలోకి ఎలా వస్తాడు? అక్కడే వచ్చింది చిక్కంతా. సెరింథస్ అనేవాడు, యేసు అందరిలాంటి మనిషే, బాప్తిస్మమప్పుడు క్రీస్తు పావురంలా ఆయన మీదికి దిగాడు, సిలువకు ముందే వదిలేసి పోయాడు అన్నాడు. వాలెంటీనస్ అనే ఇంకో బోధకుడి శిష్యుల్లో కొందరు, గొట్టంలోంచి నీళ్లు పోయినట్టు ఆయన మరియ గుండా వచ్చాడే గానీ ఆమె నుంచి ఏమీ తీసుకోలేదన్నారు. బాసిలిడీస్ అనే మరో బోధకుడు చెప్పాడని రెండో శతాబ్దపు బిషప్ ఐరేనియస్ రాసింది ఇంకా విచిత్రం, సిలువ మోసిన కురేనీయుడైన సీమోనుకే యేసు రూపం వచ్చింది, జనం ఆ సీమోనును సిలువేస్తుంటే యేసు పక్కన నిలబడి నవ్వుతున్నాడట. ఇది శత్రువులు కట్టిన కథ అని కొట్టేయడానికి లేదు. మీరు రాసిన ఆ నాగ్ హమ్మాది పుస్తకాల్లోనే 'మహా షేతు రెండో ప్రబంధం' అని ఒకటుంది, అందులో క్రీస్తే చెప్తాడు, చేదు తాగింది వేరేవాడు, సిలువ మోసింది సీమోను, నేను పైనుంచి వాళ్ల అజ్ఞానానికి నవ్వుతున్నాను అని.

ఆ నవ్వు దగ్గరే నా మనసు ఆగిపోయింది. ఒక మనిషి మేకులకు వేలాడుతుంటే పైనుంచి నవ్వేవాణ్ని నేను దేవుడని పిలవలేను. మీ వ్యాసంలో తోమా సువార్తలోని మంచి మంచి మాటలు వేశారు, ఈ నవ్వు వేయలేదు.

ఇప్పుడు ఇగ్నేషియస్ సంగతి. సిరియాలోని అంతియొకయ బిషప్ ఆయన. ట్రాజన్ చక్రవర్తి కాలంలో, సుమారు 110 ప్రాంతంలో, ఆయన్ని పట్టుకొని మృగాలకు వేయడానికి రోముకు తీసుకుపోయారు. పదిమంది సైనికుల కాపలా, వాళ్లను ఆయన పది చిరుతపులులు అంటాడు. దారిలో ఇప్పటి టర్కీలోని స్ముర్నలో ఆగినప్పుడు, ఆ తర్వాత త్రోయలో ఆగినప్పుడు సంఘాలకు రాసిన ఏడు ఉత్తరాలు ఇప్పటికీ ఉన్నాయి, చిన్న చిన్న ఉత్తరాలు, ఒక సాయంత్రం కూర్చుంటే ఏడూ అయిపోతాయి. క్రీస్తు బాధపడినట్టు కనిపించాడే గానీ నిజంగా బాధపడలేదు అనేవాళ్ల గురించి ట్రల్లెస్ సంఘానికి ఆయన అడిగింది ఒకటే, ఆయన బాధ ఉత్త వేషమే అయితే మరి నేనెందుకు ఈ సంకెళ్లలో ఉన్నాను, మృగాలతో పోరాడాలని ఎందుకు కోరుకుంటున్నాను, ఊరికే చచ్చిపోతున్నానా అని. ఈ ప్రశ్న అడిగిన మనిషి చేతులకు అప్పుడు ఇనుము ఉంది. చక్రవర్తి మెప్పు కోసం రాశాడంటే ఎలా నమ్మాలి, ఆ చక్రవర్తి ప్రభుత్వమే కదా ఆయన్ని చంపడానికి తీసుకుపోతోంది.

స్ముర్న సంఘానికి రాసిన ఉత్తరంలో ఇంకో మాట ఉంది, దాన్ని నేను క్లాసులో తప్పకుండా చదివిస్తాను. ఈ తప్పు బోధ చేసేవాళ్లకు ప్రేమ సంగతి పట్టదు, విధవరాలు పట్టదు, దిక్కులేని పిల్లలు పట్టరు, సంకెళ్లలో ఉన్నవాడు, ఆకలితో ఉన్నవాడు, దప్పిగొన్నవాడు పట్టరు అంటాడు. గ్నోస్టిక్‌లందరూ ఇలాగే ఉన్నారని నేను అనను, ఆయన ఎదురుగా చూసినవాళ్ల గురించి రాశాడు. కానీ ఆయన ఎక్కడ ముడి వేశాడో చూడండి. క్రీస్తు శరీరం నిజం కాకపోతే పక్కింటి ముసలమ్మ ఆకలి కూడా అంత పట్టించుకోవాల్సిన సంగతి కాదు, ఎలాగూ శరీరం చెరసాలే కదా.

మా ఊళ్లో గుడ్ ఫ్రైడే ఆరాధన పన్నెండింటి నుంచి మూడింటి దాకా. ఏప్రిల్ ఎండ, ప్రొద్దుటూరు ఎండ ఎట్లుంటుందో కడప జిల్లా వాళ్లకు చెప్పక్కర్లేదు, సగం మంది ఉపవాసం, రేకుల కింద ఫ్యాన్లు తిరుగుతుంటే వేడిగాలే మొహానికి కొడుతుంది. ఏడు మాటల్లో ఐదో మాట వచ్చేసరికి, "నేను దప్పిగొనుచున్నాను" అని పాస్టర్ గారు చదవగానే, ముందు వరసలో కూర్చున్న ముసలివాళ్లు పెదాలు తడుపుకుంటారు. పొలం పనులకు పోయి, బండలు కొట్టే పనికి పోయి దప్పి అంటే ఏంటో ఎరిగినవాళ్లు. వాళ్లకు ఆ మాట వేరేగా వివరించాల్సిన పని లేదు. ఆయనకు నిజంగా దప్పి వేయలేదు, దప్పి వేసినట్టు కనిపించాడంతే అని వాళ్ల ముందు నిలబడి నేను చెప్పలేను. యోహాను మొదటి పత్రికలో యేసుక్రీస్తు శరీరధారియై వచ్చాడని ఒప్పుకునే ఆత్మే దేవునిదని అంత గట్టిగా రాయడం ఊరికే జరగలేదు, ఆ కాలానికే ఈ గొడవ మొదలైంది.

ఐరేనియస్ గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం పూర్తి కాదు. స్ముర్నలో పెరిగాడు, చిన్నప్పుడు అక్కడి బిషప్ పాలికార్ప్ బోధ విన్నాడు, ఆ పాలికార్ప్ ప్రభువును కళ్లారా చూసిన యోహాను దగ్గర విన్న మాటలు చెప్పేవాడని గుర్తు చేసుకుంటాడు, ఆయన ఎక్కడ కూర్చొని మాట్లాడేవాడో కూడా జ్ఞాపకం ఉందంటాడు. తర్వాత ఇప్పటి ఫ్రాన్స్‌లోని లియాన్‌కు పోయాడు. 177లో అక్కడి క్రైస్తవుల మీద దాడి జరిగింది. 90 ఏళ్లు దాటిన బిషప్ పోతినస్‌ను జనం కొట్టారు, రెండు రోజులకు జైల్లో ప్రాణం పోయింది. బ్లాండినా అనే బానిస అమ్మాయిని మృగాల ముందు కొయ్యకు వేలాడదీశారు, చుట్టూ ఉన్న తోటి విశ్వాసులకు ఆమెలో సిలువ వేయబడినవాడే కనిపించాడని ఆ సంఘం రాసిన ఉత్తరంలో ఉంది. ఆ పోతినస్ తర్వాత బిషప్ అయినవాడు ఐరేనియస్. సుమారు 180లో గ్నోస్టిక్ బోధల మీద ఐదు పుస్తకాలు రాశాడు. ఆ రక్తం ఆరకముందే రాసిన పుస్తకాలవి. బ్లాండినా శరీరం పైకి కనిపించే తొడుగు మాత్రమే, దానికి ఏమైనా పర్వాలేదు అని ఒప్పుకోవడం ఆయన వల్ల ఎలా అవుతుంది?

ఆయన వాదనల్లో నన్ను బాగా పట్టుకున్నవి రెండు. మొదటిది, మనుషుల్లో మూడు రకాలు అన్న బోధ మీద. వాలెంటీనస్ వాళ్లు మనుషుల్ని ఆత్మ సంబంధులు, ప్రాణ సంబంధులు, మట్టి సంబంధులు అని విడగొట్టారని ఆయన రాస్తాడు. పైరకం వాళ్లు స్వభావాన్ని బట్టే రక్షణ పొందుతారు, మధ్యరకం సంఘంలోని మామూలు విశ్వాసులు, మంచిగా నడుచుకుంటే వాళ్లకూ ఏదో ఒక చోటు దొరుకుతుంది, మట్టివాళ్లు మట్టిలోకే. వాళ్లు సరిగ్గా ఇలాగే బోధించారా అని పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నాకు మాత్రం ఇది చదివితే మా అవ్వ గుర్తొస్తుంది. పుట్టుకను బట్టి నువ్వింతే అనిపించుకుంటూ బతికిన మనిషి. మా అవ్వలాంటి వాళ్లు రాయలసీమలో ఊరూరా ప్రభువు బల్ల దగ్గరికి వచ్చింది అక్కడ అందరికీ ఒకే రొట్టె కాబట్టి. రెండోది రహస్యం సంగతి. అపొస్తలులకు దాచిన బోధ ఏదైనా ఉంటే సంఘాల్ని ఎవరి చేతిలో పెట్టారో వాళ్లకే కదా ముందు చెప్పేవాళ్లు, ఆ సంఘాల్లో చెప్పేదంతా నలుగురి ముందే చెప్తున్నారు కదా అని ఐరేనియస్ అడుగుతాడు. వేమన పద్యం పశువుల కాపరి నోట కూడా వినిపించే సీమ మనది, నలుగురికీ తెలిసిన మాట మీద మనకు నమ్మకం ఎక్కువ.

సంఘం పెద్దలు ఆ సువార్తల్ని చదవకుండానే కాదన్నారని కూడా మీ వ్యాసంలో ఉంది. అంతియొకయలోనే తర్వాతి కాలంలో, సుమారు 200 ప్రాంతంలో, సెరాపియన్ అనే బిషప్ ఉండేవాడు. రోసస్ అనే ఊరి సంఘంవాళ్లు పేతురు సువార్త చదువుతున్నారు, దాని మీద తగువొచ్చింది. ఆయన మొదట చదువుకోండి అనే అన్నాడు. తర్వాత ఏదో తేడా ఉందని తెలిసి, ఆ బోధవాళ్ల దగ్గరే పుస్తకం తెప్పించుకొని, మొత్తం చదివి, ఇందులో చాలావరకు మన బోధకు సరిపోతుంది, కొన్ని మాత్రం కలిపారు అని ఉత్తరం రాశాడు. ఆ సువార్తలోదని అనుకునే ముక్క ఒకటి 1886-87లో ఈజిప్టులోని అఖ్మీమ్‌లో దొరికింది. సిలువ మీద ఆయన నొప్పే లేనట్టు మౌనంగా ఉన్నాడని అందులో ఉంది.

తర్వాతి కాలంలో సంఘం చేతికి అధికారం వచ్చాక జరిగిన పనుల్ని నేను వెనకేసుకురాను. 388లో కాలినికమ్ అనే ఊళ్లో యూదుల ప్రార్థనాలయాన్ని, వాలెంటీనస్ వాళ్ల ప్రార్థన స్థలాన్ని తగలబెట్టారు. అది పాపం, దానికి వేరే పేరు లేదు. టెర్టూలియన్ అనే తొలినాళ్ల క్రైస్తవ రచయిత క్రీస్తు శరీరం గురించి ఎంత గొప్పగా రాశాడో స్త్రీల గురించి అంత ఘోరమైన మాటలూ రాశాడు, ఆడమనిషిగా అవి చదివితే కడుపు రగులుతుంది. అయితే గ్నోస్టిక్ పుస్తకాల్లో స్త్రీలకు సమాన స్థానం ఉందని రాసేటప్పుడు తోమా సువార్త చివరి మాట కూడా వేయాలి కదా. స్త్రీలు జీవానికి పాత్రులు కారు, మరియను పంపేయమని పేతురు అంటే, ఆమెను మగవాణ్ని చేస్తానని యేసు అన్నట్టు అక్కడుంది. మరియ సువార్తలో ఆమెకు గౌరవం ఉంది, అది నిజం, అదీ చెప్పండి, ఇదీ చెప్పండి. అంతెందుకు, అలెగ్జాండ్రియా క్లెమెంట్ గ్నోస్టిక్‌లతో వాదించినవాడే, ఆయనే ఒకచోట యేసు శరీరానికి తిండి అవసరం లేదు, జనం అపార్థం చేసుకోకుండా తిన్నాడు అని రాశాడు. మా వైపు పెద్దవాళ్లకే ఈ విషయంలో కాలు జారింది, అందుకే ఇగ్నేషియస్ అంత గట్టిగా పట్టుకున్నందుకు నాకు ఆయన మీద ప్రేమ.

మీకు నా విన్నపం ఇది. అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో, నైసియా గురించి వేసిన తప్పును సరిచేయండి. వీలైతే ఇగ్నేషియస్ స్ముర్న సంఘానికి రాసిన ఉత్తరాన్ని, ఐరేనియస్ మొదటి పుస్తకంలో కొన్ని పేరాల్ని, వాటి పక్కనే ఆ నవ్వే క్రీస్తు ఉన్న ప్రబంధంలోని భాగాన్ని మంచి తెలుగులోకి తెప్పించి వేయండి. రెండూ పక్కపక్కనే ఉంటే మా పిల్లలే చదువుకొని తేల్చుకుంటారు, మధ్యలో నేను కూడా అక్కర్లేదు. ఆ పేజీ ఏ వారం వస్తుందో ముందు చెప్తే క్లాసుకు సరిపడా కాపీలు తెప్పించుకుంటాను.

ఇట్లు,
ఒక సండే స్కూల్ టీచర్,
ప్రొద్దుటూరు, కడప జిల్లా